నీరటి లేని నగరం

2025 సెప్టెంబరు 26 రాత్రి. దసరా సెలవులు. బతుకమ్మ ఆడుకోవడానికి, పిల్లాపాపలతో పండగ చేసుకోవడానికి ఊళ్లకు బయల్దేరిన జనంతో హైదరాబాద్ మహాత్మా గాంధీ బస్ స్టేషన్ కిక్కిరిసి ఉంది. ఉన్నట్టుండి ప్లాట్‌ఫాం పక్కకు నీళ్లొచ్చాయి. చూస్తుండగానే బస్సులు నిలిచే చోటంతా చెరువైంది. బయటికి వెళ్లే దారులు మూసుకుపోయాయి. విపత్తు సహాయక సిబ్బంది తాళ్లు పట్టుకుని నీళ్లలోకి దిగి ప్రయాణికులను ఒడ్డుకు చేర్చారు.

ఆ నీళ్లు బస్టాండు మీద కురిసినవి కావు. మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో. అక్కడా, నగరానికి పడమటి దిక్కునా కురిసిన వాన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లలోకి చేరింది. రెండూ నిండుకుండలే కావడంతో గేట్లెత్తి 30 వేల క్యూసెక్కులకు పైగా నీటిని కిందికి వదిలారు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే అది ఒక క్యూసెక్కు, అంటే 28 లీటర్ల పైచిలుకు. 1994లో ఈ బస్టాండును కట్టింది మూసీ రెండు పాయల నడుమనున్న దిబ్బ మీద. నీరు పల్లమెరుగు అంటారు. మూసీ ఆ రాత్రి తన పాత చోటికే వచ్చింది.

మర్నాడు నగరంలో అందరి నోటా ఒకటే ప్రశ్న. ఇది ఎవరి పని? దీనికి ఒక్క పేరుతో జవాబు దొరకదు. హైదరాబాద్ వరద కథలో కీలకమైన ముడి అక్కడే ఉంది.

జంట జలాశయాల గేట్లు జలమండలి చేతుల్లో ఉంటాయి. ఆ నీళ్లు నగరానికి తాగునీరు గనుక నిర్వహణ వాళ్లది. చెరువుల కట్టలు, తూములు, అలుగులు నీటిపారుదల శాఖవి. వాననీటి నాలాలు నగరపాలక సంస్థవి, మురుగు పైపులు మళ్లీ జలమండలివి. చెరువు హద్దు ఎక్కడిదాకా అని తేల్చి నోటిఫికేషన్ ఇచ్చేది హెచ్ఎండీఏ. ఆ హద్దులోని భూమి ఎవరిదో చెప్పేవి రెవెన్యూ శాఖ కాగితాలు. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే మొదట తడిసేది ట్రాఫిక్ పోలీసు. ముంపు ప్రాంతాల జనాన్ని తరలించి, అన్నం పెట్టాల్సింది కలెక్టర్. వాన ఇన్ని శాఖల హద్దులు చూసుకుని కురవదు. ఒకే గంటలో ఇవన్నీ దాటుకుంటూ పోతుంది. ఎక్కడో ఒకచోట పని చెడితే మాత్రం తిలాపాపం తలా పిడికెడు.

ఇప్పుడు తాగునీటి చెరువులుగా పేరుపడిన ఆ రెండు జలాశయాలను కట్టించింది వరద భయమే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని తుడిచిపెట్టింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ముందుగా చూసింది నగరాన్ని కాదు, నగరానికి ఎగువన ఉన్న పరీవాహకాన్ని. అక్కడ 788 చెరువులు, కుంటలు లెక్కతేలాయి. ఆ వానకు వాటిలో 221 తెగిపోయాయి. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడటం, ఆ బరువు ఆపలేక అదీ తెగడం, అలా గొలుసుకట్టు మొత్తం ఊడి వచ్చి మూసీలో పడింది. మామూలు వరద ప్రళయంగా మారింది ఇలాగే.

ఆయన చెప్పిన మందు సూటిగా ఉంది. నగరానికి పైన రెండు పెద్ద జలాశయాలు కట్టాలి, వరద వచ్చినప్పుడు కడుపులో దాచుకుని మెల్లగా వదలాలి. మూసీ మీద గండిపేటలో ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. రెండింటి సామర్థ్యం కలిపి 7 టీఎంసీలకు కాస్త తక్కువ.

కడుపులో దాచుకోవాలంటే కడుపులో చోటుండాలి కదా. చిక్కంతా ఇక్కడే. తాగునీటి కోసం చూస్తే సెప్టెంబరు చివరికి జలాశయం నిండుగా ఉండాలి. వరద కోసం చూస్తే అప్పుడే కొంత ఖాళీగా ఉండాలి. నిండిన చెరువు వరదను ఆపలేదు, పైనుంచి ఎంతొస్తే అంతా కిందికి పంపాల్సిందే. అందుకే గేట్లు ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి అన్నది ఎప్పుడూ కత్తిమీద సామే. వాన మొదలవకముందే కొద్దికొద్దిగా వదిలి చోటు చేసుకోవడం మంచి పద్ధతి. తీరా ఆ వాన పడకపోతే, విలువైన తాగునీటిని నేలపాలు చేశారన్న నింద గేటెత్తించిన ఇంజనీరు మీద పడుతుంది. ఆ నిర్ణయాన్ని ఒక్క మనిషి ధైర్యానికి వదిలెయ్యకూడదు. ఏ నెలలో ఎంత నీరు ఉంచాలో, ఎంత వాన సూచన వస్తే ఎంత ఖాళీ చెయ్యాలో ముందే రాసిపెట్టి, ఆ రాతను జనానికీ తెలియజెప్పాలి.

1908 నాటి పాఠం పెద్ద జలాశయాలతోనే ముగియలేదు. ఆ తెగిన 221 చెరువులూ చెప్పేది ఇంకోటుంది. తెలంగాణ పల్లెల్లో ప్రతి చెరువుకూ ఒక నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ఎంత నీరివ్వాలి, మత్తడి ఎప్పుడు దుంకుతుంది, కట్టలో ఎక్కడ బుంగ పడే సూచన ఉంది అన్నీ అతనికి కొట్టినపిండి. జోరువాన కురిసే రాత్రి ఊరంతా నిద్రపోయినా నీరటి మాత్రం కట్ట మీదే ఉండేవాడు. చెరువు కింద పొలాలు ఉన్నన్నాళ్లూ అతనికి పనుంది, ఊరికి అతని అవసరముంది. నగరం ఊళ్లను కలుపుకుంటూ పెరిగింది. చెరువు కింద ఆయకట్టు కాలనీలైంది. తూము పూడిపోయింది, అలుగు పారే కాలువ మీద రోడ్డు పడింది, నీరటి కొడుకులు వేరే పనులు వెతుక్కున్నారు. చెరువు మాత్రం అక్కడే ఉంది. వాన వస్తే నిండుతూనే ఉంది.

2020 అక్టోబరులో ఏం జరిగిందో చూడండి. 13వ తేదీ వానకు బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు దాటింది. అక్టోబరు నెలలో నగరం ఎన్నడూ చూడని వాన అది. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల దాకా కురిసింది. మైలార్‌దేవ్‌పల్లి దగ్గర పల్లెచెరువు తెగి అలీనగర్ మీద పడింది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వాన. 17వ తేదీ రాత్రి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. చాంద్రాయణగుట్ట కిందున్న హఫీజ్ బాబా నగర్ గల్లీల్లో కార్లు, ఆటోలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్టుకుపోయాయి. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. పాతబస్తీలో ఆ వారం రెండుసార్లు మునిగిన ఇళ్లున్నాయి. ఆ చెరువుల మీద ఒక కన్నేసి ఉంచే మనిషిని, వాన పడే రాత్రి కట్ట మీద నిలబడే మనిషిని, మన నగరపాలన ఎందుకు తిరిగి సృష్టించుకోలేకపోయిందన్నది అడిగి తీరాల్సిన ప్రశ్న.

ఇక చెరువుల మధ్య దారులు, అంటే నాలాలు. వాటి లెక్క అర్థం కావాలంటే ట్యాంకరును గుర్తు తెచ్చుకుంటే చాలు. వేసవిలో కాలనీకి వచ్చే పెద్ద నీళ్ల ట్యాంకరు 10 వేల లీటర్లు పడుతుంది. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన పడితే వచ్చే నీరు కోటి లీటర్లు, వెయ్యి ట్యాంకర్లు. పాత జీహెచ్ఎంసీ విస్తీర్ణం దాదాపు 650 చదరపు కిలోమీటర్లు. మట్టి నేల అయితే ఇందులో మంచి భాగం ఇంకిపోతుంది, మిగిలింది నింపాదిగా కదులుతుంది. సిమెంటు గచ్చు, తారు రోడ్డు, డాబా కప్పు అయితే దాదాపు మొత్తం నిమిషాల్లో రోడ్డెక్కుతుంది. నగర వాన కాలవలు గంటకు 2 సెంటీమీటర్ల వాన వరకే మోయగలవని అధికారులే ఏళ్లుగా చెబుతున్నారు. ఇప్పుడు గంటలో 7, 8 సెంటీమీటర్లు కురిసే సాయంత్రాలు వింత కాదు. పట్టని నీరు రోడ్డు మీద కాక ఎక్కడుంటుంది?

ఇది తెలియక జరిగింది కాదు. 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్ల వాన కురిసి నగరం మునిగాక కిర్లోస్కర్ కన్సల్టెంట్స్‌తో అధ్యయనం చేయించారు. 2003లో నివేదిక వచ్చింది. నాలాలను వెడల్పు చెయ్యాలని, వాటి మీది వేలాది కట్టడాలను తొలగించాలని అందులో ఉంది. తొలగించడమంటే ఎవరి ఇల్లు? నాలా ఒడ్డున ఉండేది ఎక్కువగా కూలిపని చేసుకునే కుటుంబాలు. వాళ్లను ఎక్కడికి పంపాలన్న మాట తేలక, పంపితే వచ్చే ఓట్ల నష్టానికి సిద్ధపడక, నివేదిక అల్మారాలో మిగిలిపోయింది. 2020 వరద తర్వాత గానీ కదలిక రాలేదు. ఎస్ఎన్‌డీపీ పేరుతో నాలాల అభివృద్ధికి తొలి దశలో సుమారు 985 కోట్ల రూపాయల పనులు చేపట్టారు. కొన్నిచోట్ల ఫలితం కనబడింది.

హుస్సేన్‌సాగర్ అలుగు నాలా ఇందులో ఒకటి. సాగర్ నిండితే నీరు దోమలగూడ, అశోక్‌నగర్, నల్లకుంట, అంబర్‌పేట మీదుగా మూసీలో కలుస్తుంది. ఒడ్డు బస్తీల జనానికి వానాకాలం రాత్రులంటే జాగారమే. అక్కడ రిటైనింగ్ గోడలు కట్టారు, ఇరుకు వంతెనలు మార్చారు. ఇలాంటి పనికి ఒక నియమం ఉంది. కిందినుంచి పైకి రావాలి. నది దగ్గర వెడల్పు చేసుకుంటూ ఎగువకు వెళ్లాలి. అలాకాక మధ్యలో వెడల్పు చేసి కింది కల్వర్టును ఇరుకుగానే వదిలేస్తే ముంపు పోదు, ఈ బస్తీ నుంచి ఆ బస్తీకి మారుతుంది. అంతే.

వేసవిలో జరగాల్సిన పూడికతీత గురించి పెద్దగా ఎవరూ రాయరు. కానీ వరద నివారణలో సగం పని అదే. పరుపులు, ఇళ్లు పడగొట్టిన శిథిలాలు, ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి బోండాలు అన్నీ నాలాలోనే తేలతాయి. మేలో తీసిన పూడికను అదే రోజు ఎత్తుకెళ్లకుండా ఒడ్డున కుప్ప పోస్తే, జూన్ మొదటి వానకు అది మళ్లీ నాలాలోకే జారుతుంది. కాంట్రాక్టరుకు బిల్లు మాత్రం ముడుతుంది. వాన పడుతున్నప్పుడు మ్యాన్‌హోల్ మూతలు తీసి నీటిని లోపలికి పంపడం ఇంకో ప్రమాదకరమైన అలవాటు. మూతలేని మ్యాన్‌హోళ్లు, గోడలేని నాలాలు పసిపిల్లల ప్రాణాలు తీశాయి. ఆ తల్లుల ముందు ఏ లెక్కలూ నిలవవు.

సోమాజిగూడ, ఖైరతాబాద్ వైపు రోడ్డు పక్కన భూమిలోపల పెద్ద సంపులు కట్టి, నిలిచే నీటిని అందులోకి మళ్లించే ప్రయత్నం ఈమధ్య మొదలైంది. ఒక కూడలికి అది ఊరట. ఊరి మొత్తానికి మాత్రం చెరువు చేసే పని సంపు చెయ్యలేదు.

చెరువును కాపాడేది కట్ట ఒక్కటే కాదు, ఒక గీత కూడా. దాన్ని ఎఫ్‌టీఎల్ అంటారు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో ఆ హద్దు. దాని చుట్టూ బఫర్ జోన్. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు వదలాలి. జంట జలాశయాలకైతే 1996లో వచ్చిన జీవో 111 పది కిలోమీటర్ల దూరం వరకు, 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలను కట్టడి చేసింది. 2022లో ప్రభుత్వం మరో జీవోతో ఆ కట్టడిని సడలించింది. తాగునీటికి ఇప్పుడు కృష్ణా, గోదావరి ఉన్నాయి గనుక పాత ఆంక్షలు అక్కర్లేదన్నది అప్పటి వాదన. ఆ జలాశయాలు పుట్టింది వరద ఆపడానికన్న సంగతి ఆ వాదనలో ఎక్కడా లేదు.

హెచ్ఎండీఏ పరిధిలో 3 వేలకు పైగా చెరువులున్నాయి. హద్దులు తేల్చి తుది నోటిఫికేషన్ ఇచ్చే పని ఏళ్ల తరబడి నత్తనడక నడిచింది. ఆ సందులోనే వ్యాపారం జరిగింది. చెరువు నిండితే మునిగే శిఖం భూముల్లో కొన్ని పట్టాభూములు కూడా ఉంటాయి. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు ఆ రైతుది, ఇల్లు కట్టే హక్కు మాత్రం కాదు. ఆ తేడా చెప్పకుండా ప్లాట్లు చేసి అమ్మారు. ఎండాకాలంలో చూపిస్తే అది బంగారంలాంటి చదును నేల. కొన్నవాడికి రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి నంబరు వచ్చింది, కరెంటు మీటరు వచ్చింది, ఆస్తిపన్ను కట్టించుకున్నారు. ఇన్ని ముద్రలు వేసిన ప్రభుత్వమే ఒకరోజు వచ్చి ఇది చెరువంటే ఆ కుటుంబం ఎవరికి చెప్పుకోవాలి?

2024 జులైలో ఏర్పడిన హైడ్రా ఈ గీతను పట్టుకునే బయల్దేరింది. ఔటర్ రింగు రోడ్డు దాకా దాదాపు 2 వేల చదరపు కిలోమీటర్లు దాని పరిధి. ఆక్రమణల తొలగింపు, విపత్తు సహాయం రెండూ ఒకే సంస్థ కిందికి రావడం మంచి మార్పు. మాదాపూర్ తమ్మిడికుంటలో పెద్దవాళ్ల కట్టడం మీద చెయ్యి వేసినప్పుడు జనం మెచ్చుకున్నారు. బుల్డోజరు చిన్న ఇళ్ల ముందు నిలిచినప్పుడు వాళ్లే కన్నీళ్లు పెట్టుకున్నారు. సెలవురోజుల్లో కూల్చివేతలేమిటని హైకోర్టు కూడా గట్టిగానే అడిగింది. కొన్నవాడి కంటే ముందు, ఆ లేఅవుటుకు సంతకం పెట్టిన చెయ్యిని పట్టుకోవాలి. అది జరగనంత కాలం కూలిన ఇంటి చోట మరో ఇల్లు లేస్తూనే ఉంటుంది.

ఒక ఊరిలో వరద కట్టడి పని చేసిన చోటు, చెయ్యని చోటు పక్కపక్కనే చూడాలంటే విజయవాడ వెళ్లాలి.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కృష్ణమ్మకు అది రికార్డు. 2009లో అంతకంటే కాస్త తక్కువ వరదకే మునిగిన కృష్ణలంక ఈసారి చాలావరకు గట్టెక్కింది. కారణం, నది ఒడ్డున మూడు దశల్లో కట్టిన రిటైనింగ్ వాల్. ఒక ప్రభుత్వం మొదలుపెట్టింది, తర్వాతి ప్రభుత్వం పూర్తిచేసింది. ఎవరి గొప్ప ఎంతన్న వాదులాట నేటికీ నడుస్తోంది, గోడ మాత్రం ఇద్దరి డబ్బుతోనూ నిలబడింది.

నగరానికి అటువైపు బుడమేరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, ఆ ఏటి నీటిని డైవర్షన్ కాలవ ద్వారా కృష్ణలోకి మళ్లించారు. నగరం గుండా పోయే పాత ఏరు ఎండిపోయినట్టే కనబడింది, దాని మీద కాలనీలు వెలిశాయి. ఆ ఏర్పాటులో ఒక లొసుగుంది. కృష్ణ తానే నిండుగా పారుతుంటే కాలవ నీటిని తీసుకోదు. సరిగ్గా ఆరోజు అదే జరిగింది. కాలవకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. వెలగలేరు గేట్లెత్తారు. సెప్టెంబరు 1న నీళ్లు పాత దారి వెతుక్కుంటూ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరి పేటల మీదికొచ్చాయి. లక్షల మంది రోజుల తరబడి మేడల మీదే ఉండిపోయారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు, పాలు దించారు. సైన్యం సాయంతో మూడో గండి పూడేసరికి 7వ తేదీ వచ్చింది. గేట్లెత్తుతున్నారన్న కబురు తమకు అందనేలేదని, గడపలోకి నీళ్లొచ్చాకే తెలిసిందని అక్కడివాళ్లు చెప్పుకున్న బాధ ఇంకా చెవుల్లో ఉంది.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అన్నారు పెద్దలు. వాన రాకడ ఇప్పుడు కొంతవరకు ఎరుకే. రాడార్లున్నాయి, మండలాల్లో వానను కొలిచే యంత్రాలున్నాయి, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు వస్తున్నాయి. జిల్లాకంతటికీ ఎరుపు రంగు పూస్తే మాత్రం బస్తీలో మనిషికి అది దేనికీ పనికిరాదు. ఏ గంటకు, ఏ వీధిలో, మోకాలి లోతా, నడుం లోతా అన్నది కావాలి. ఇల్లు వదిలి ఏ బడికి వెళ్లాలో కావాలి. గేటెత్తే చోటినుంచి గల్లీ దాకా ఆ మాట గంటలో చేరాలి. 2025లో అమల్లోకి వచ్చిన విపత్తు నిర్వహణ సవరణ చట్టం పెద్ద నగరాలకు మునిసిపల్ కమిషనర్ సారథ్యంలో సొంత విపత్తు సంస్థ పెట్టుకునే వీలు కల్పించింది. తెలుగు రాష్ట్రాల నగరాలు దాన్ని బోర్డు మార్చడానికి కాక, గేట్ల నుంచి గల్లీల దాకా ఒకే చేతికి పని అప్పగించడానికి వాడుకుంటే ఎంతో మేలు.

అంబర్‌పేటలో బతుకమ్మకుంట ఉంది. రికార్డుల్లో 14 ఎకరాలు దాటిన ఆ కుంట చెత్త, మట్టి, పిచ్చిచెట్ల కింద కనబడకుండా పోయింది. మిగిలిన 5 ఎకరాల చిల్లరలో 2025 మొదట్లో హైడ్రా తవ్వకం మొదలుపెడితే కొద్దిలోతులోనే నీళ్లు ఊరాయి. ఒడ్డు కట్టారు, నడకదారి వేశారు. 5 ఎకరాల కుంటలో ఒక్క మీటరు నీరు నిలిస్తే రెండు కోట్ల లీటర్లు. అంటే 2 వేల ట్యాంకర్లు. చదరపు కిలోమీటరు మేర గంటలో 2 సెంటీమీటర్లు కురిసే వానంతా ఆ మీటరులో పడుతుంది.

బస్టాండు మునిగిన రెండు రోజులకు, సెప్టెంబరు 28న ఆ కుంటను తెరిచారు. మూసీ పొంగిన నాటికి సరిగ్గా 117 ఏళ్లు. ఆ సాయంత్రం ఆడపడుచులు కుంట గట్టున బతుకమ్మ ఆడారు.